నీలిమందు పూసిన కోడి

నా బిడ్డ పుట్టినప్పుడు పినపాక దగ్గర మా అమ్మగారింట్లో మూడు నెలలు ఉన్నాను. అది రెండు వేల నాలుగు. చలి అప్పుడప్పుడే మొదలవుతున్నది. ఆ మూడు నెలల్లో మొదటి నెల నాకు వరుసగా గుర్తులేదు. ఏ పూట అయిందో కిటికీలోంచి మంచం మీద పడే ఎండను బట్టి తెలుసుకునేదాన్ని. నా కాళ్ల మీద ఉంటే పొద్దున. పిల్లను పండబెట్టిన పాత చీర మడత దాకా జరిగితే మధ్యాహ్నం. అమ్మ కుంపట్లో వేసిన సాంబ్రాణి పొగ ఆ ఎండలో మెల్లగా మెలికలు తిరుగుతూ పైకి పోయేది. దాన్ని చూస్తూ కళ్లు మూసుకునేదాన్ని. తెరిచేసరికి పొగ ఉండేది కాదు, ఎండ గోడెక్కి ఉండేది.

ఆ గది కిటికీ పెరట్లోకి తెరుచుకుంటుంది. నేను లేచి చూడకపోయినా పెరడంతా చెవుల్లోకి వచ్చేది. కోళ్లు ఎండుటాకులు గీరడం, బోరింగు చప్పుడు, దడి అవతల టేకు చెట్ల మీది గాలి. టేకాకు పెద్దది కదా, రాలితే మనిషి అడుగు వేసినట్టే వినిపిస్తుంది. ఎవరో వస్తున్నారని చాలాసార్లు అనుకున్నాను. ఎవరూ వచ్చేవాళ్లు కాదు.

ఆ ఇల్లు కొత్తది. మా నాయిన బొగ్గు బాయిలో టింబర్‌మన్‌గా పనిచేశాడు. భూమి కింద బొగ్గు తీసినచోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని అది. ముప్పై ఏళ్లకు పైగా చేసి, ఆ ఎండాకాలంలోనే రిటైరయ్యాడు. కొత్తగూడెంలో క్వార్టర్ ఖాళీ చేసి, అడవి అంచున ఎప్పుడో కొని పెట్టుకున్న జాగాలో రెండు గదులు వేసుకుని ఇద్దరూ వచ్చేశారు.

నాకు తెలిసిన నాయిన నిద్రపోతున్న మనిషి. రాత్రి షిఫ్టు చేసి వస్తే పగలంతా పండుకునేవాడు. పొద్దటి షిఫ్టుకైతే మేం లేవకముందే పోయేవాడు. ముగ్గురు పిల్లలం "నాయిన పండుకున్నడు" అన్న మాట కింద పెరిగాం. ఆ మాట అనేటప్పుడు అమ్మ పెదాల మీద వేలు పెట్టుకునేది. గ్లాసు కిందపడితే ముగ్గురం ఊపిరి బిగబట్టి తలుపు వైపు చూసేవాళ్లం. ఆయన కోపిష్టి ఏం కాదు. ఎప్పుడూ కొట్టలేదు, తిట్టలేదు. అసలు ఆయన ఎలాంటి మనిషో తెలుసుకునేంత సేపు మా మధ్య మెలకువగా లేడు, అంతే.

ఇప్పుడు పగలంతా మెలకువగా ఉన్నాడు. ఇంటికి ఆ అలవాటు లేదు. బాగానే ఉన్న తలుపు గడియను విప్పి మళ్లీ బిగించేవాడు. వంటింటి గడప మీద నిలబడేవాడు. "జర పక్కకు జరుగు" అని అమ్మ అంటే జరిగి, ఇంకోచోట అడ్డం నిలబడేవాడు. నా గదిలోకి మాత్రం వచ్చేవాడు కాదు. గుమ్మం దగ్గరికొచ్చి "మంచిగున్నవా బిడ్డా" అని అడిగి, "మంచిగున్న నాయినా" అనేలోపే వెళ్లిపోయేవాడు.

అమ్మకు పదకొండు పెట్టలు, ఒక పుంజు ఉండేవి. అందులో గోధుమరంగు పెట్ట ఒకటి, మెడ చుట్టూ నల్ల చుక్కలు. దాన్ని నా కోసమని పెంచింది. నాకు అయిదో నెల పడ్డదని తెలిసినప్పటి నుంచీ దానికి విడిగా నూకలు వేసేదట. ప్రసవమైన ఇరవై రోజులకు దాన్ని కోసి, మిరియాలేసి చారు కాచి నాకు తాగించాలని ఆమె లెక్క. ఆ సంగతి నాతో రోజూ చెప్పేది. "నీ కోడి మంచిగ తయారైతున్నదే" అనేది. నేను కిటికీలోంచి దాన్ని చూసేదాన్ని. అది కూడా ఒక్కోసారి తల పక్కకు వంచి, ఒంటి కన్నుతో నన్ను చూసేది.

అది జరిగింది మధ్యాహ్నం పూటే. పిల్ల పాలు తాగి పండుకుంది. నాకు కునుకు పట్టింది. కలలో ఏదో చీర చిరుగుతున్న చప్పుడు. చిరుగుతూనే ఉంది, ఆగదు. అప్పుడు నాయిన కేక వినిపించింది. అంత పెద్ద గొంతు ఆయనకు ఉందని నాకు తెలియదు. లేచి కిటికీ చువ్వలు పట్టుకునేసరికి సొర పందిరి కింద బూడిదరంగు జంతువు ఒకటి, పిల్లి కంటే పొడుగు కాళ్లు, ఒక్క గెంతులో దడి దాటింది. బావురుపిల్లి. నాయిన చేతిలో చెప్పు ఉంది. రెండోది ఇంకా కాలికే ఉంది. కోళ్లు ఒక్కటీ కనబడలేదు. గాలిలో ఈకలు మాత్రం తొందరేం లేనట్టు దిగుతున్నాయి.

చుక్కల పెట్ట పందిరి గుంజ పక్కన ఒరిగి ఉంది. వీపు మీద అరచేయంత మేర తోలు లేచిపోయింది. ఎడమ తొడ చీలి, లోపలి కండ కనబడుతున్నది. నోరు తెరిచి ఉంది గానీ అరవడం లేదు.

అమ్మ వంటింట్లోంచి ఉరికొచ్చింది. చూసి, ఒక్క క్షణం నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఇగ కోసుడే," అన్నది. "పానం ఉండంగనే కొయ్యాలె. కత్తి తెస్త."

"ఆగు," అన్నాడు నాయిన.

"ఆగితె సచ్చిపోతది. సచ్చినదాన్ని బాలింతకు పెడ్తనా?"

"ఆగుమన్న గద."

కింద కూర్చుని, భుజం మీది తువ్వాల తీసి కోడి తల మీద కప్పాడు. కోడి కదలడం మానేసింది. "కండ్లు మూస్తె నిమ్మళమైతది," అన్నాడు, ఎవరికి చెప్పాడో తెలియదు. ఒక చేత్తో రెక్కలు పొట్టకు అదిమి, రెండో చేతి వేళ్లతో తొడ ఎముకను పైనుంచి కిందికి మెల్లగా తడుముతూ పోయాడు. దుంగ లోపల పగులుందా లేదా అని బాయిలో తట్టి వినేవాడట. ఆ వినికిడేదో ఆయన వేళ్లలో కూడా ఉన్నట్టుంది. తల ఎత్తి, "బొక్క మంచిగనే ఉన్నది," అన్నాడు.

బాయిలో దెబ్బ తగిలినవాళ్లకు మొదట కట్టు కట్టడం నేర్చుకున్న కొద్దిమందిలో నాయిన ఒకడు. ఆ సంగతి కూడా నాకు ఆరోజే తెలిసింది. ట్రంకుపెట్టె అడుగు నుంచి ఒక రేకు డబ్బా తీశాడు. అందులో కత్తెర, దూది, చుట్టగా ఉన్న గుడ్డ. ఉప్పు వేసి కాచిన నీళ్లు చల్లార్చి గాయం కడిగాడు. చుట్టూ ఈకలు కత్తిరించాడు. దడి అవతల ఉండే కోయ పెద్దమ్మ ఈ గొడవ విని గాయపాకు గుప్పెడు తెంపుకొచ్చింది. వాన పడ్డచోటల్లా మొలిచే చిన్న పచ్చపూల మొక్క అది. అరచేతుల మధ్య నలిపి రసం పిండింది. కోడితో ఏదో వాళ్ల భాషలో మాట్లాడింది. మాతో తెలుగులోనే, "బతుకుతదో లేదో రెండు దినాలు చూడండ్రి," అని చెప్పి వెళ్లిపోయింది.

అమ్మ కత్తి తీసుకొచ్చే ఉంది. దాన్ని వరండా గట్టు మీద పెట్టి, "నా మాట ఎవరింటరు ఈ ఇంట్ల," అని లోపలికి పోయింది.

కోడిని ఒక వెదురు గంప కింద, నా కిటికీకి సరిగ్గా అడుగున పెట్టాడు. అక్కడ పొద్దటి ఎండ తగులుతుంది. పక్కనే ఒక పీట వేసుకున్నాడు. అలా మా నాయిన నా మంచానికి మూడు మూరల దూరంలోకి వచ్చాడు, మధ్యన గోడ ఒకటి తప్ప. ఆయన కనబడేవాడు కాదు. మాట మాత్రం వినబడేది.

కోడితో మాట్లాడేవాడు. మొదట్లో ఒకటీ అరా. "తాగు", "గిటు తిరుగు", "ఏంది గట్ల చూస్తవ్". తర్వాత పొడుగు మాటలు. నాకు సగం నిద్ర, సగం మెలకువ. పిల్ల నా పక్కన ఊపిరి తీస్తున్నది. గంపలోంచి కోడి అప్పుడప్పుడు గొంతులో గురగురమంటున్నది. మధ్యలో నాయిన గొంతు, ఏ షిఫ్టుకూ తొందరలేని గొంతు, ఎక్కడో నీళ్లు పారుతున్నట్టు నడిచేది. నిజంగా ఎంత విన్నానో, కునుకులో ఎంత కల్పించుకున్నానో ఇప్పుడు విడదీయలేను. కానీ ఎలుకల సంగతి విన్నాను. అది నేను కల్పించుకోగలిగింది కాదు.

"బాయిల ఎలుకలుంటయి, ఎరుకేనా నీకు?" అంటున్నాడు. "మేం టిఫిను డబ్బ ఇప్పంగనే వస్తయి. వాటి ముక్క వాటికి పెట్టినంకనే మేం తినాలె. ఎందుకంటె, పైకప్పు కూలేటప్పుడు అది మాకంటె ముందు వాటికి తెలుస్తది. ఎలుక ఉరికిందంటె ఇగ మేం గూడ ఉరుకుడే. ఒకపారి గట్లనే ఉరికినం. తట్ట గూడ ఆడనే ఇడిచిపెట్టి."

 తర్వాత గంప మీద గోనెసంచి కప్పుతున్న చప్పుడు.

"చీకటికి భయపడకు. చీకటి ఏం చెయ్యది. పైకప్పు మంచిగుంటె చాలు."

నేను ఆ మాట వింటూ నిద్రలోకి పోయాను. ఆ మధ్యాహ్నం కలలో మా కొత్తగూడెం క్వార్టర్ భూమి కింద ఉంది. లోపల దీపాలు వెలుగుతున్నాయి. మేం ముగ్గురం పిల్లలం గట్టిగా నవ్వుతున్నాం, ఎవరూ పెదాల మీద వేలు పెట్టడం లేదు.

మూడు రోజులు కోడి ఏమీ తినలేదు. నాయిన నూకలు నానబెట్టి పెట్టాడు. ముక్కు కూడా ఆనించలేదు. నీళ్లు చుక్కచుక్కగా ముక్కు పక్కన వదలాలని పిల్ల ఉగ్గు గిన్నె పట్టుకుపోయాడు. అమ్మ ఇల్లెగిరిపోయేలా అరిచింది. "పసిపోరి గిన్నెతోని కోడికా? నీకేమన్న పిచ్చి లేసిందా?" అని గిన్నె లాక్కుని మూడుసార్లు బూడిదతో తోమింది. నాలుగో రోజు కోయ పెద్దమ్మ చెదపుట్ట పెళ్ల ఒకటి తెచ్చి గంప ముందు పగలగొట్టింది. తెల్లటి చెదలు బియ్యం గింజల్లా పారాడాయి. కోడి చాలాసేపు చూసింది. మెడ సాచి ఒకటి అందుకుంది. ఇంకొకటి. "తిన్నది! ఓ బిడ్డా, తిన్నదే!" అని నాయిన కిటికీ చువ్వల మధ్య ముఖం పెట్టి చెప్పాడు. ఆయన ముఖం అంత దగ్గరగా నేను ఎప్పుడు చూశానో గుర్తు రాలేదు. కనుబొమ్మల దగ్గర తోలు కింద బొగ్గు నీలంగా మిగిలిపోయిన చిన్న గీత ఒకటి ఉంది.

అప్పటి నుంచి రోజూ పొద్దున్నే చెదల కోసం అడవిలోకి పోయేవాడు. వచ్చి గాయం కడిగేవాడు, గోనె మార్చేవాడు, పీట మీద కూర్చునేవాడు. ఒకరోజు భోజనానికి అమ్మ రెండుసార్లు పిలిచింది. "వస్తున్న" అన్నాడు గానీ లేవలేదు. మూడోసారి అమ్మ పిలవలేదు. పెరట్లోకి వచ్చి ఆయన ఎదురుగా నిలబడ్డట్టుంది. గొంతు పెద్దగా లేదు. అందుకే నేను మంచం మీద లేచి కూర్చున్నాను.

"నేను ముగ్గురిని కన్న," అన్నది అమ్మ. "ఒక్కనాడన్న గిట్ల నా మంచం పక్కకు కూసున్నవా?"

కోళ్లు ఆకులు గీరుతున్నాయి. గాలి కూడా ఆగింది అనుకున్నాను. నాయిన ఏదో ఒకటి చెబుతాడని, షిఫ్టుల గురించో, సెలవుల గురించో చెబుతాడని చూశాను.

"లేదు," అన్నాడు. "కూసోలేదు."

  కాసేపటికి అమ్మ మెట్టెలు వంటింటి వైపు పోవడం వినిపించింది. ఆ మాట కోసమే ఇన్నేళ్లు కాచుకుని ఉన్నదో, ఆ మాట అంత తొందరగా వస్తుందని అనుకోలేదో, ఆ సాయంత్రం అమ్మ మామూలుగా లేదు. నాకు నడుం కట్టు కడుతూ మధ్యలో ఆగిపోయి కిటికీ బయటికి చూస్తూ ఉంది.  మర్నాడు పొద్దున నాయిన చెదలకు పోయినప్పుడు కోడికి నీళ్లు పెట్టింది మాత్రం అమ్మే. పెట్టి, తిట్టింది కూడా. "నీ వల్ల నాకు ఎన్ని మాటలు," అని.

ఆ వారంలోనే ఒకరోజు అమ్మ బోరింగుకు పోయింది. పిల్ల ఏడుపు అందుకుంది. లేద్దామంటే నాకు కళ్లు తిరిగాయి. నాయిన కిటికీ అవతలి నుంచి "ఏమైంది" అన్నాడు.

"జర ఎత్తుకో నాయినా."

"నేనా?" అన్నాడు. తర్వాత, "నా చేతులు గరుకు," అన్నాడు.

"ఏం కాదు. రా."

మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని వచ్చాడు. గుమ్మం దాటి నా గదిలో అడుగుపెట్టడం అదే మొదటిసారి. కోడిని పట్టుకున్నట్టే ఒక చెయ్యి అడుగున పరిచి, ఒక చేత్తో పొదివి ఎత్తాడు. పిల్ల ఏడుపు ఆపి ఆయన బొత్తాన్ని చూసింది. ఆయన కదలకుండా, ఊపిరి కూడా చిన్నగా తీస్తూ నిలబడ్డాడు.

"కోడికంటె డబల్ ఉన్నది," అన్నాడు చివరికి.

నేను నవ్వితే కుట్ల దగ్గర సలిపింది. అయినా నవ్వాను. ఆయనకు నవ్వెందుకో అర్థం కాలేదు. "అవ్, నిజంగనే," అన్నాడు.

పది పన్నెండు రోజులకు కోడి నిలబడింది. కుంటుతూ గంపలో ఒక చుట్టు తిరిగింది. తొడ గాయం పూడింది గానీ, వీపు మీద ఈకలు రాలేదు. లేత ఎరుపు తోలు మెరుస్తూ కనబడేది. నాయినకు తొందర ఎక్కువైంది. ఇన్ని రోజులు ఒంటరిగా ఉంది, మిగతావాటితో కలిస్తే సంతోషిస్తుంది అనుకున్నాడు. ఒక పొద్దున కోళ్లన్నీ మేస్తుండగా, ఏదో ప్రారంభోత్సవం చేస్తున్నట్టు గంప ఎత్తాడు. నన్ను కూడా చూడమన్నాడు.

చుక్కల పెట్ట రెండడుగులు వేసింది. కోళ్లు తలలెత్తి చూశాయి. ముందు ఒక నల్ల పెట్ట వచ్చి వీపు మీద పొడిచింది. ఎర్రటి చుక్క కనబడిందో లేదో, అన్నీ ఒక్కసారే మీద పడ్డాయి. అది పొదిగి పెంచిన పిల్లే ఒకటి, ఎదిగిన పెట్ట, అది కూడా వచ్చి పొడిచింది. చుక్కల పెట్ట పారిపోలేదు. తల నేలకు ఆనించి అలాగే ఉండిపోయింది.

నాయిన వాటి మధ్యలోకి దూకి దాన్ని ఎత్తుకున్నాడు. చొక్కా అంతా రక్తం. "ఇవి కోళ్లా, ఏంది ఇవి!" అని అరిచాడు. చేతికందిన చీపురు విసిరాడు. ఒక్కదాన్ని కూడా ఉంచనన్నాడు. అన్నిటినీ సంతలో అమ్ముతానన్నాడు. అమ్మ పిడకలు విడిచిపెట్టి వచ్చి ఆయన చేతిలోంచి కోడిని తీసుకుంది. "వాటికేం తెలుసయ్యా," అన్నది. "నువ్వు ఊకో." ఆయన పీట మీద కూర్చున్నాడు.  బాయిలో ఎన్నో చూసి వచ్చిన మనిషికి, పదకొండు కోళ్లు చేసినదానికి ముఖం నల్లబడిపోయింది.

కోయ పెద్దమ్మ దడి మీదుగా అంతా చూసింది. లోపలికి వచ్చి, దారి చెప్పింది. ఆమె చెప్పింది చాలా మామూలుగా, అన్నం ఎలా వండాలో చెప్పినట్టు. "అది ఇప్పుడు మీ వాసన కొడ్తది. వాటికి కొత్తది. గంపను దూరం పెట్టకు, వాటి నడుమనే పెట్టు. గంప సుట్టు గింజలు సల్లు, పక్కపక్కకు తినుడు అలవాటు కావాలె. ఎరుపు కనవడితె పొడుస్తయి, ఎరుపు కనవడకుంట చెయ్యి. మంచిగైనంక పొద్దుమూకి అన్నీ గూట్లకు పోతయి సూడు, అప్పుడు దీన్ని నడుమల పెట్టు. పొద్దుగాల అన్నీ ఒక్కతాన లేస్తయి. ఇది ఎప్పుడొచ్చిందో వాటికి యాదికుండది."

ఎరుపు కనబడకుండా ఎట్లా అన్నది నాయినకు రెండు రోజులు తెగలేదు. పసుపు రాస్తే రాలిపోయింది. మసి రాస్తే అమ్మ ఒప్పుకోలేదు, చీము పడుతుందని. అప్పుడే నా పిల్లకు నోట్లో తెల్లపూత వచ్చింది. దవాఖానా నుంచి నర్సమ్మ చూడ్డానికి వచ్చి చిన్న సీసాలో నీలిమందు ఇచ్చింది. దూదితో అద్దితే పిల్ల పెదాలు, నాలుక, గడ్డం అన్నీ నేరేడుపండు తిన్నట్టు అయ్యాయి. నాయిన గుమ్మం దగ్గర నిలబడి పిల్ల నోటిని చాలాసేపు చూశాడు.

"ఇది కడిగితె పోతదా?" అని అడిగాడు.

"జల్దీ పోదు," అన్నది నర్సమ్మ.

"పుండుకు పెట్టొచ్చా?"

"పుండ్లకే గద పెద్దయ్యా వాడేది. ఎవరికి?"

 నర్సమ్మ పోయాక నాయిన వచ్చి, "కొంచెం ఉంటదా బిడ్డా," అన్నాడు. సీసాలో సగం ఆయన దూదికి పోయింది.

ఆ రోజులు తలుచుకుంటే నాకు ముందుగా ఆ రంగే కనబడుతుంది. పిల్ల నోరు నీలం. నా రవికె మీద నీలం మరకలు. కిటికీ అవతల గోధుమరంగు కోడి, వీపంతా నీలం. నాయిన వేళ్లు నీలం, ఆయన తాగిన గ్లాసు మీద నీలం వేలిముద్రలు. సాయంత్రం టేకు చెట్ల వెనక ఆకాశం కూడా అదే సీసాలోంచి పూసినట్టు అయ్యేది. నిద్రలో ఉన్నానో లేచి ఉన్నానో తెలియక, ఇవన్నీ ఒకరోజులోనివేనా, చాలా రోజులవా అని ఆలోచిస్తూ పండుకునేదాన్ని. అమ్మ వచ్చి దీపం పెట్టి, "ప్రార్థన చేసుకుందాం లే," అనేది. ఆమె కళ్లు మూసుకుని చెప్పే ప్రార్థనలో మా అందరి పేర్లూ వచ్చేవి. ఒకరోజు చివర్న, ఆమేన్‌కు ముందు కాస్త ఆగి, "ఆ కోడిని గూడ," అన్నది. నాయిన కళ్లు తెరిచి ఆమెను చూశాడు. నేను ఇద్దరినీ చూశాను. అమ్మ కళ్లు మూసుకునే ఉంది.

గంప ఇప్పుడు పెరటి నడుమకు మారింది. నా కిటికీకి దూరమైంది. నాయిన మాటలు వినిపించేవి కావు. ఆయన మాత్రం కనబడేవాడు, చేతిలో పొడుగు కర్ర, ఎండలో కూర్చుని. గంప చుట్టూ జొన్నలు చల్లేవాడు. కోళ్లు వచ్చి తినేవి. గంప లోపల చుక్కల పెట్ట తినేది. వెదురు సందుల్లోంచి ముక్కులు దాదాపు తగులుతుండేవి. మొదట్లో నల్ల పెట్ట సందులోంచి పొడవబోయేది. కర్ర నేలకు తగలగానే వెనక్కి తగ్గేది. తర్వాత్తర్వాత కర్ర అవసరం తగ్గింది. ఒక మధ్యాహ్నం చూస్తే నాయిన కూర్చున్నచోటే కునుకు తీస్తున్నాడు. కర్ర ఒళ్లో ఉంది. కోళ్లు గంపకు ఆనుకుని దుమ్ములో పొర్లుతున్నాయి. అమ్మ వంటింట్లోంచి బయటికి వచ్చి, ఆయనను చూసి, చేతిలోని బిందెను చప్పుడు కాకుండా కింద పెట్టింది.

ఇరవై రోజుల చారు సంగతి ఎవరూ ఎత్తలేదు. నాకు భయంగానే ఉండేది. ఒక బుధవారం నాయిన సైకిల్ మీద సంతకు పోయి, హ్యాండిల్‌కు తలకిందులుగా వేలాడుతున్న ఇంకో పెట్టతో వచ్చాడు. అమ్మ చేతికిచ్చి, "ఇది బాలింతకు," అన్నాడు. అమ్మ దాని రొమ్ము తడిమి చూసింది. "ముసలిది తెచ్చినవ్. ఏరుడు గూడ రాదు," అన్నది. చారు మాత్రం బాగా కాచింది. నేను రెండు గ్లాసులు తాగాను. ఎక్కడినుంచో తెచ్చిన ఆ కోడి గురించి ఎవరం ఒక్క మాట అనుకోలేదు. ఇప్పుడు రాస్తుంటే అది కాస్త గుచ్చుకుంటున్నది.

చుక్కల పెట్టను గూట్లో కలిపిన సాయంత్రం నేను లేచి బయటికి వచ్చాను. నెల దాటింది, తలకు గుడ్డ కట్టుకుని వరండా దాకా రావచ్చని అమ్మ ఒప్పుకుంది. కోళ్లు ఒక్కొక్కటే గూట్లోకి ఎక్కాయి. లోపల సర్దుకుంటున్న గురగురలు తగ్గేదాకా నాయిన ఆగాడు. కోడి తల మీద తువ్వాల కప్పి తీసుకొచ్చి, చెయ్యి లోపలికి పెట్టి, రెండు పెట్టల మధ్య మెల్లగా వదిలాడు. లోపల ఏదో ఒక పెట్ట గొణిగింది. తర్వాత నిశ్శబ్దం.  పిల్ల అమ్మ భుజం మీద నిద్రపోతున్నది. దూరంగా మణుగూరు వైపు పోతున్న బొగ్గు రైలు చప్పుడు వచ్చింది.

తెల్లారి గూటి తలుపు తీసినప్పుడు ముందు పుంజు దిగింది. తర్వాత వరుసగా పెట్టలు. పది లెక్కపెట్టాను. పదకొండోది చాలాసేపటికి, కుంటుకుంటూ, నీలం వీపుతో దిగింది. నల్ల పెట్ట దగ్గరికి వచ్చి మెడ మీద ఒక్క పోటు పొడిచింది. నాయిన లేవబోయాడు. అమ్మ ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. నల్ల పెట్ట ఇంకో పోటు పొడవలేదు. ఏదో గుర్తుకొచ్చినట్టు తిరిగి ఆకులు గీరుకోవడంలో పడింది. చుక్కల పెట్ట అన్నిటికీ వెనక నిలబడి, మిగిలిన గింజలు ఏరుకుంది. అది ఇక ఎప్పుడూ వెనకే నిలబడింది. ముందుకు రావాలని చూడలేదు. నాయిన దానికి అది చాలదని బాధపడేవాడు. అమ్మ మాత్రం, "నడుమల ఉన్నది, తింటున్నది. ఇంకేం కావాలె," అనేది.

క్రిస్మస్ దాటాక మా ఆయన వచ్చి నన్నూ పిల్లనూ మా ఇంటికి, ముదిగొండకు తీసుకుపోయాడు. బస్సెక్కేటప్పుడు నాయిన పిల్లను చివరిదాకా ఎత్తుకుని, కండక్టర్ విసుక్కున్నాక ఇచ్చాడు. తర్వాత ఆ కోడి వీపు మీద ఈకలు వచ్చాయనీ, తెల్లగా వచ్చాయనీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. గుడ్లు పెట్టిందనీ, పొదిగి తొమ్మిది పిల్లలు లేపిందనీ చెప్పింది. పిల్లలున్నప్పుడు మాత్రం నల్ల పెట్టను కూడా తరిమిందట.

రెండేళ్ల తర్వాత ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒకనాడు పొద్దెక్కాక అమ్మ ఫోన్ చేసింది. గొంతులో దిగులు ఉందో, లేదో తెలియలేదు.

"నిన్న మన చుక్కల పెట్ట ఇంటికి రాలేదే," అన్నది. "మీ నాయిన, నేను దేవులాడుకుంట పోయినం. టేకు తోట దాక పోయినం. కనవడలె. మల్ల ఇయ్యాల తెల్లారంగ పోయినం. వాగు దాటినం. ఈడికొచ్చినంక నేను ఒక్కపారి గూడ వాగు దాటలె, ఎరుకేనా? ఆడ ఇప్పచెట్లున్నయి. కిందంత పూలు రాలి తెల్లగ పరుచుకున్నది. అడుగు ఎయ్యబుద్ధి కాలె. మీ నాయిన చెప్పులు ఇడిచిండు. పెద్దమ్మ ఆడనే ఏరుతున్నది, మమ్ముల జూసి నవ్వింది. మీ నాయిన తువ్వాలల ఇన్ని పోసుకొచ్చిండు. ఇల్లంత ఒకటే వాసన..."

ఆమె ఆగేదాకా విన్నాను. అమ్మ అంతసేపు ఆగకుండా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

"మరి కోడి?" అన్నాను.

"దొరకలె," అన్నది అమ్మ. "రేపు గూడ పోదామంటుండు మీ నాయిన. ఇంకొంచెం లోపలికి పోతె పెద్ద పెద్ద చెట్లున్నయంట."